నర్సులకు, జనరల్ డాక్టర్లకు అనుమానించాల్సిన మచ్చల్ని గుర్తుపట్టడం ఎలా నేర్పాలి?

ముందు మీరు అడిగింది ఒకసారి చెప్పుకుందాం. మీ కేంద్రంలో ఇరవై మంది నర్సులు, ఆరుగురు జనరల్ డాక్టర్లు ఉన్నారు. చర్మం మీద అనుమానించాల్సిన మచ్చలు, గడ్డలు, పుండ్లు గుర్తుపట్టడం వాళ్లకు నేర్పే బాధ్యత మీ మీద పడింది. ఇచ్చింది ఒక్క పూట. ఏబీసీడీఈ (అనుమానించాల్సిన మచ్చకు అక్షరానికొకటి చొప్పున ఐదు గుర్తులు) స్లైడ్లు వేసి చెబితే సరిపోతుందా, డెర్మటోస్కోపులు (చర్మాన్ని వెలుతురు వేసి పెద్దదిగా చూపే చేతి లెన్సులు) కొనమని అడగాలా, వాళ్లు నేర్చుకున్నారో లేదో తర్వాత ఎలా తెలుస్తుంది అన్నవి మీ సందేహాలు.

నేను చర్మవైద్యంలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. పదిహేనేళ్లుగా ఇలాంటి క్లాసులు చెబుతున్నాను. మొదటి నాలుగైదేళ్లు జబ్బుల పేర్లతో మొదలుపెట్టి పేర్లతోనే ముగించేవాడిని. మెలనోమా (చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్) ఇలా ఉంటుంది, బేసల్ సెల్ కార్సినోమా (ఇంకో రకం చర్మ క్యాన్సర్) అలా ఉంటుంది అంటూ. క్లాసు అయ్యాక పెట్టే పరీక్షలో అందరికీ మంచి మార్కులే వచ్చేవి. మూడు నెలలు తిరిగాక చూస్తే, మాకు వచ్చే రిఫరల్ చీటీల్లో ఏ తేడా ఉండేది కాదు. చెడ్డవి ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చేవి, మామూలు పుట్టుమచ్చలు ఎప్పటిలాగే కంగారుగా వచ్చేవి. పేరు పెట్టడం మా పని, ఆ తర్వాత ముక్కను మైక్రోస్కోపులో చూసే పాథాలజీ వాళ్ల పని. మీ వాళ్లకు కావాల్సింది ఒక్క నిర్ణయం: దీన్ని వదిలేయొచ్చా, వదలకూడదా? ఆ పూటంతా దాని చుట్టూనే తిప్పండి.

నా పద్ధతి మారడానికి కారణమైన పేషెంటు గురించి చెబుతాను. యాభై దాటిన మనిషి. మడమ మీద ఎనిమిది నెలలుగా మానని పుండు. మొదట ఆనెకాయ అన్నారు, పట్టీ వేశారు. తర్వాత చెక్కారు. తర్వాత పులిపిరి అనుకుని రెండుసార్లు కాల్చారు. నా దగ్గరికి వచ్చేసరికి రెండు సెంటీమీటర్లు ఉంది. మధ్యలో ఎర్రగా, తడిగా, ముట్టుకుంటే రక్తం చెమర్చేలా ఉంది. ఒక పక్క అంచున మాత్రం సిరా చుక్క పడి తుడిచేసినట్టు పలచటి నల్లటి మరక. మొత్తం పుండులో మెలనోమా అని చెప్పేది ఆ మరక ఒక్కటే. బయాప్సీలో మందం నాలుగు మిల్లీమీటర్లు దాటింది. తర్వాత ఆయనకు వారం వారం డ్రెస్సింగ్ చేసిన నర్సుతో మాట్లాడాను. ఆవిడ ఆ మరకను మూడో నెలలోనే చూసింది. "మందు మరక అనుకున్నాను సార్. ఆ తర్వాత అది పోకపోతే అనుమానం వచ్చింది. కానీ నేను చెప్పేదేముందని ఊరుకున్నాను" అంది.

ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఆవిడ కన్ను సరిగ్గానే పనిచేసింది. నీ అనుమానానికి విలువ ఉంది, ఫలానా మనిషికి చెప్పు అని ఆవిడతో ఎవరూ అనలేదు, అంతే. అందుకే మీ క్లాసులో మొదటి పది నిమిషాలు ఈ విషయానికే ఇవ్వండి. అనుమానం వస్తే ఎవరికి చెప్పాలి, ఏ పుస్తకంలో రాయాలి, ఆ రోజు డాక్టరు ఒప్పుకోకపోతే ఏం చేయాలి అన్నవి పేర్లతో సహా ముందే తేల్చేయండి.

మందం సంగతి కూడా అక్కడే చెప్పండి. ఎందుకింత తొందర అన్నది దానితోనే అర్థమవుతుంది. మెలనోమా చర్మంలోకి ఎంత లోతుకు దిగిందో మిల్లీమీటర్లలో కొలిచే పద్ధతిని అలెగ్జాండర్ బ్రెస్లో 1970లో చెప్పాడు, ఈ రోజుకీ స్టేజింగ్, అంటే జబ్బు ఏ దశలో ఉందో తేల్చడం, ముఖ్యంగా దాని మీదే నడుస్తోంది. 0.8 మి.మీ. కన్నా పలచగా, పైన పుండు పడకుండా ఉన్నప్పుడు తీసేస్తే, పదేళ్ల తర్వాత కూడా నూటికి 98 మంది దాని వల్ల చనిపోకుండా ఉంటారు. నాలుగు మి.మీ. దాటి పుండు పడితే, లింఫు గ్రంథులకు పాకకపోయినా, ఆ సంఖ్య 75 దగ్గరికి వస్తుంది. ఈ రెండు అంకెలు బోర్డు మీద రాసి క్లాసు అయ్యేదాకా చెరపకండి.

ఇక ఏబీసీడీఈ. 1985లో న్యూయార్క్‌లో ఫ్రీడ్‌మన్, రిగెల్, కాఫ్ అనే వైద్యులు ఏబీసీడీ చెప్పారు. రెండు సగాలు ఒకేలా లేకపోవడం, అంచు వంకరటింకరగా ఉండటం, రంగులు కలగాపులగంగా ఉండటం, అడ్డుకొలత 6 మి.మీ. దాటడం. మార్పును సూచించే చివరి అక్షరం 'ఈ' (E) 2004లో చేరింది. మంచి సాధనమే, నేర్పండి. కానీ చివరి అక్షరాన్ని ముందుకు తెచ్చి నేర్పండి. ఎందుకంటే వయసుతో వచ్చే సెబోరిక్ కెరటోసిస్ మచ్చలు చాలావరకు మొదటి నాలుగు అక్షరాలకూ సరిపోయి చెడ్డవిలా కనిపిస్తాయి. పెద్దగా, నల్లగా, వంకరగా, చర్మం మీద మైనం అతికించినట్టు ఉంటాయి, కానీ ఏ హానీ చేయవు. ఇటు గడ్డలా పెరిగే నాడ్యులర్ మెలనోమా చాలాసార్లు గుండ్రంగా, ఒకే రంగులో, నున్నటి అంచుతో ఉండి ఆ అక్షరాలకు దొరకదు. అది పెరిగే వేగం ఎక్కువ, మనకు దొరికే సమయం తక్కువ. దానికి వేరే గుర్తు నేర్పాలి: ఉబ్బెత్తుగా ఉందా, గట్టిగా ఉందా, నెల పైబడి పెరుగుతూనే ఉందా? మూడింటికీ అవును అంటే రంగు ఏదైనా సరే పంపాల్సిందే. కొన్ని మెలనోమాల్లో నలుపే ఉండదు, గులాబీ రంగు కాయలా ఉంటాయి. "నల్లగా లేదుగా" అన్న మాటను మీ కేంద్రంలో ఎవరూ ధీమాగా అనకూడదు.

పేషెంట్లు "ఇక్కడ ఇంతకుముందు పుట్టుమచ్చ లేదండీ" అంటే కొట్టిపారేయొద్దని కూడా చెప్పండి. మెలనోమాల్లో పదింట సుమారు ఏడు పాత పుట్టుమచ్చలోంచి వచ్చేవి కావు, శుభ్రమైన చర్మం మీద కొత్తగా పుట్టేవి. పెద్దవయసులో కొత్తగా వచ్చి, పెరుగుతూ ఉన్న ఒంటరి మచ్చను రెండోసారి చూడకుండా ఇంటికి పంపకూడదు.

నన్నడిగితే, అక్షరాల కన్నా తొందరగా కంటికి పట్టేది ఇంకొకటుంది. ఫ్రాన్స్‌లో గ్రోబ్, బోనెరాండీ 1998లో చెప్పిన సూత్రం అది. నేను క్లాసులో దాన్ని "మందలో కలవని మచ్చ" అంటాను. ఒక మనిషి ఒంటి మీద పుట్టుమచ్చలన్నీ ఇంచుమించు ఒక కుటుంబంలా ఉంటాయి. వాటిలో దేనితోనూ పోలిక లేనిది ఒకటుంటే అదే ముందు చూడాల్సింది. దీన్ని నేర్పడానికి వీపు మొత్తం కనిపించే ఫోటోలు పది తీసుకోండి. ఒక్కోటి ఐదు సెకన్లు చూపించి తీసేయండి, "ఏది కలవలేదు?" అని అడగండి. నాలుగో ఫోటోకల్లా వేళ్లన్నీ ఒకే చోటు చూపించడం మొదలుపెడతాయి. అసలు పేషెంటు దగ్గర కూడా ఇంతే. ముందు రెండడుగులు వెనక్కి నిలబడి చూడాలి, ఆ తర్వాతే దగ్గరికి వెళ్లాలి. చాలామంది లెన్సు పట్టుకుని నేరుగా పేషెంటు చూపించిన మచ్చ మీదికి వంగుతారు. దాని పక్కనే ఉన్న చెడ్డది చూడకుండా పోతుంది.

ముదురు రంగు చర్మం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, మామూలు క్లాసుల్లో పెద్ద లోటు ఇక్కడే ఉంది. పాఠ్యపుస్తకాల ఫోటోల్లో చాలావరకు తెల్లటి చర్మమే. అదే ఎరుపు గోధుమరంగు చర్మం మీద ఊదాగానో, బూడిదరంగుగానో, ముదురు గోధుమగానో కనిపిస్తుంది. బేసల్ సెల్ కార్సినోమా అనగానే ముత్యంలా మెరిసే లేత గులాబీ కాయ గుర్తొస్తుంది, కానీ ముదురు చర్మంలో అది చాలాసార్లు నల్లగా, మెరుస్తూ, పుట్టుమచ్చలాగే ఉంటుంది. మరో చర్మ క్యాన్సర్ స్క్వేమస్ సెల్ కార్సినోమా ఎండ తగిలే చోటే రావాలని లేదు. పాత కాలిన మచ్చల్లో, ఏళ్ల తరబడి మానని కాలి పుండ్లలో కూడా పుడుతుంది. ఇలా వచ్చేదాన్ని మార్జొలిన్ అల్సర్ అంటారు. మెలనోమా అయితే అరికాలు, అరచెయ్యి, గోళ్ల కింద ఎక్కువ. కాబట్టి "ఎండలో తిరిగేవాళ్లు కాదు కదా" అన్నది ఇక్కడ పెద్దగా భరోసా ఇవ్వదు.

డ్రెస్సింగ్ చేసే నర్సులే మీకు అతి పెద్ద బలం, పుండును వారం వారం చూసేది వాళ్లే. వాళ్లకు నేను పెట్టిన గీత ఇది: సరైన డ్రెస్సింగ్ జరుగుతున్నా నాలుగు నుంచి ఆరు వారాల్లో పుండు మానే దారిలో పడకపోతే డాక్టరుతో మళ్లీ చూపించాలి. బయాప్సీ కావాలా అని నోరు తెరిచి అడగాలి. పాత పుండు ఉన్నట్టుండి అంచు ఉబ్బినా, కండ పెరిగినట్టయినా, వాసన మారినా, ముట్టుకుంటే రక్తం వచ్చినా ఆ గడువు కూడా అక్కర్లేదు.

పాదాల పాఠానికి స్లైడ్లు వద్దు. అందరినీ చెప్పులు, సాక్సులు విప్పమనండి, జంటలుగా కూర్చోబెట్టి ఒకరి అరికాలు ఒకరు టార్చి వేసి చూడమనండి. మొదట సిగ్గుపడతారు, ఐదు నిమిషాల్లో అలవాటవుతుంది. కాలివేళ్ల సందులు, మడమ వెనక, గోళ్లు, అన్నీ. తర్వాత భూతద్దం ఇచ్చి తమ అరచేతిని తామే చూసుకోమనండి. దున్నిన పొలంలా గట్టూ చాలూ, గట్టూ చాలూ కనిపిస్తాయి. గట్టు మీద వరసగా సన్నటి చుక్కలుంటాయి, అవి చెమట రంధ్రాలు. అరికాలి మచ్చలో రంగు ఎక్కడుందన్నదే అసలు విషయం. మామూలు పుట్టుమచ్చలో రంగు చాలుల్లో సన్నటి గీతల్లా ఉంటుంది. మెలనోమాలో గట్ల మీద వెడల్పుగా ఉంటుంది. జపాన్‌లో సైదా బృందం 2004లో వేసిన లెక్కలో, తొలిదశ మెలనోమాను పట్టుకోవడంలో గట్టు మీది రంగుకు సెన్సిటివిటీ (ఉన్న మెలనోమాలను పట్టుకోవడం) 86 శాతం, స్పెసిఫిసిటీ (మెలనోమా కానివాటిని కాదని తేల్చడం) 99 శాతం వచ్చింది. మా క్లాసులో దీన్ని "చాలులో రంగు చల్లన, గట్టు మీద రంగు గండం" అని చెప్పిస్తాను. ఏళ్ల తర్వాత కలిసిన నర్సులకు కూడా ఆ వాక్యం గుర్తుంటోంది. ఒక్క జాగ్రత్త: దెబ్బ తగిలి పైపొరలో రక్తం గడ్డకట్టినా గట్టు మీదే కనిపించవచ్చు. అది పైపొర మెల్లగా గీకితే ఊడి వస్తుంది. రానిది పంపాలి.

గోళ్లకు జమైకా గాయకుడు బాబ్ మార్లీ సంగతి చెబుతాను, వినగానే అందరూ నిటారుగా కూర్చుంటారు. కాలిగోరు కింద వచ్చిన మచ్చను ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. 1977లో అది మెలనోమా అని తేలింది. 1981లో 36 ఏళ్లకే చనిపోయాడు. గోరులో దెబ్బ రక్తానికీ రంగు చారకీ తేడా తేల్చడానికి కాలమే పరికరం. దెబ్బ రక్తం గోరుతోపాటు ముందుకు జరుగుతుంది, వెనక శుభ్రమైన గోరు వస్తుంది. చేతిగోరు నెలకు సుమారు మూడు మి.మీ. పెరుగుతుంది, కాలిగోరు అందులో సగం. అందుకని తేదీ వేసి, స్కేలు పక్కన పెట్టి ఫోటో తీయించండి, రెండు నెలల తర్వాత పోల్చండి. ముదురు రంగు చర్మం వాళ్లకు చాలా గోళ్లలో సన్నటి చారలు మామూలే, వాటికి భయపడక్కర్లేదు. ఒకే గోరులో, అందులోనూ బొటనవేలిలో, మూడు మి.మీ. దాటిన చార ఉన్నా, అది వెడల్పవుతున్నా, రంగు గోరు దాటి పక్క చర్మంలోకి పాకినా రెండు నెలలు ఆగకూడదు.

ఇక బొమ్మలతో సాధన. నేను నూట ఇరవై బొమ్మలు వాడతాను, అందులో తొంభై హానిలేనివి. ఇది చూసి కొత్తగా బోధించేవాళ్లు ఆశ్చర్యపోతారు. కానీ ఓపీలో వచ్చేవి కూడా అంతేగా, నిజానికి అంతకన్నా ఎక్కువే మామూలువి. క్యాన్సర్ బొమ్మలే చూసిన కంటికి ప్రతిదీ క్యాన్సర్‌లా కనిపిస్తుంది. మామూలు మచ్చ ఎన్ని వేషాలు వేస్తుందో తెలిసిన కంటికే తేడా తడుతుంది. ఒక్కో బొమ్మకు పది సెకన్లు, "పంపాలి", "వదలొచ్చు" అని రెండు కార్డుల్లో ఒకటి ఎత్తాలి, వెంటనే పాథాలజీ జవాబు చెప్పాలి. వివరణ రెండు వాక్యాలు దాటొద్దు. తప్పు చేసినవాళ్లను పేరుపెట్టి అడగొద్దు, ఆ క్షణం నుంచి కార్డు ఎత్తడం మానేస్తారు. పూటలో అరవై చేయండి. మిగతావి వారానికి ఐదు చొప్పున పన్నెండు వారాలు ఫోన్‌కు పంపండి. ఒక్క రోజు గట్టిగా నేర్చుకుని మరిచిపోవడం కన్నా ఈ చిన్న చిన్న మోతాదులే నిలుస్తాయి. బొమ్మలకు ఐసిక్ ఆర్కైవ్, డెర్మ్‌నెట్ లాంటి బహిరంగ నిధులున్నాయి. వాటిలో ముదురు చర్మం తక్కువ కాబట్టి మీ చర్మ వైద్యుల్ని అడిగి, పేషెంట్ల అనుమతితో తీసిన ఫోటోలు కలుపుకోండి. ఫోన్ యాప్‌లు కూడా ఎక్కువగా అలాంటి బొమ్మల మీదే నేర్చుకున్నవి. యాప్ ఫర్వాలేదు అన్నదని ఎవరినీ ఇంటికి పంపొద్దు.

డెర్మటోస్కోప్ విషయంలో నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. అందరికీ కొనకండి. 2002లో కిట్లర్ బృందం పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, శిక్షణ ఉన్నవాళ్ల చేతిలో అది కంటిచూపు కన్నా మెరుగ్గా పనిచేసింది, శిక్షణ లేనివాళ్ల చేతిలో ఏ లాభమూ కనిపించలేదు. మరోవైపు 2006లో అర్జెంజియానో బృందం బార్సిలోనా, నేపుల్స్‌లో 73 మంది ప్రాథమిక వైద్యులకు ఒకే ఒక్క రోజు శిక్షణ ఇచ్చి చూసింది. కంటితోనే చూసినవాళ్లు అనుమానాస్పదమైనవాటిలో 54 శాతం పట్టుకుంటే, డెర్మటోస్కోప్‌తో చూసినవాళ్లు 79 శాతం పట్టుకున్నారు. అనవసరంగా పంపినవి పెరగలేదు. మీ ఆరుగురిలో నిజంగా ఆసక్తి ఉన్న ఇద్దరిని ఎంచుకోండి, వాళ్లకు కొనివ్వండి, వేరే రోజు కూర్చోబెట్టి మూడంటే మూడే గుర్తులు నేర్పండి: రంగులోనో నిర్మాణంలోనో సమానత లేకపోవడం, వలలా అల్లుకున్న రంగు గీతలు గజిబిజిగా మందంగా ఉండటం, నీలం-తెలుపు ఛాయలు. రెండు ఉంటే పంపాలి. కంటికి అనుమానం వచ్చినదాన్ని పరికరం చూపించింది చూసి వదిలేయకూడదన్న నియమం కూడా పెట్టండి.

చేయకూడనివి కొన్ని ఉన్నాయి. ఏమిటో తెలియని మచ్చను కాల్చకూడదు, అతిచల్లదనంతో గడ్డకట్టించకూడదు, యాసిడ్ పూయకూడదు. మడమ పేషెంటుకు జరిగిన నష్టంలో సగం ఆ రెండుసార్ల కాల్చడం వల్లే, ఆనవాళ్లు చెరిగిపోయాయి. మెలనోమా అనుమానం ఉంటే పైపైన చెక్కి ముక్క పంపకూడదు, మందం కొలవడం కుదరదు. వీలైతే చుట్టూ రెండు మి.మీ. వదిలి మొత్తం తీయాలి. ఆ నైపుణ్యం లేకపోతే ముట్టుకోకుండా పంపడమే మంచి వైద్యం. తీసిన ప్రతి ముక్కా, ఎంత అమాయకంగా కనిపించినా, ఫార్మలిన్‌లో లాబ్‌కు వెళ్లాలి.

రిఫరల్ చీటీ రాయడం కూడా క్లాసులోనే చేయించండి. "మచ్చ, దయచేసి చూడగలరు" అన్న చీటీలు నా బల్ల మీద ఎన్ని చూశానో. అలాంటిది వరసలో అడుగున పడిపోతుంది. "ఎడమ మడమ, 9 మి.మీ., మూడు నెలలుగా పెరుగుతోంది, అంచున కొత్తగా నలుపు, మెలనోమా అనుమానం" అని రాస్తే ఆ పేషెంటును అదే వారం పిలుస్తాం. పేషెంటుతో ఏం చెప్పాలో కూడా ఒకసారి అభినయించి చూపించాలి. ఏమీ చెప్పకుండా పంపితే టెన్షన్‌తో నిద్రపోరు, మరీ తేలిగ్గా చెబితే వెళ్లరు. నేను నేర్పే మాట ఇది: "ఇది క్యాన్సర్ అని నేను చెప్పడం లేదండీ. కానీ కాదని తేల్చుకోకుండా వదిలే రకం కూడా కాదు. ఈ తేదీలోగా మీరు వెళ్లాలి, వెళ్లారో లేదో నేను ఫోన్ చేసి కనుక్కుంటాను." ఆ ఫోన్ నిజంగా చేయాలి.

నేర్చుకున్నారో లేదో తెలిసేది క్లాసు చివరి పరీక్షలో కాదు. ఒక రిజిస్టరు పెట్టండి. ఎవరు చూశారు, ఎక్కడ, ఎప్పుడు పంపారు, చివరికి ఏమని తేలింది. మెలనోమా అయితే మందం ఎంత. మొదటి రెండు నెలల్లో పంపేవి బాగా పెరుగుతాయి, అందులో మామూలువే ఎక్కువుంటాయి. ఎవరినీ తప్పుపట్టకండి, కొత్త కన్ను అలాగే కుదురుకుంటుంది. నిజంగా చూడాల్సింది ఏడాది మీద: పంపినవాటిలో చెడ్డవి ఎన్ని, అవి ఎంత పలచగా ఉండగా దొరికాయి, మీ దగ్గర చూసి వదిలేశాక వేరేచోట బయటపడినవి ఏమన్నా ఉన్నాయా. ఆ మూడోది అడగడానికి ధైర్యం కావాలి, అయినా అడగండి.

ఆ రిజిస్టరులో చివరి గడి నిండాలంటే జవాబు వెనక్కి రావాలి. పంపిన నర్సుకు పేరుపెట్టి రెండు వాక్యాలు చాలు: "మీరు పంపినది మామూలు మచ్చే, కానీ పంపడం సరైన పనే" అనో, "0.6 మి.మీ. దగ్గర దొరికింది, మీ వల్లే" అనో. ఈ జవాబులు అందుకునే కేంద్రాల్లో చూపు ఏటికేడు పదునెక్కడం, అందని చోట ఆరు నెలల్లో మొద్దుబారడం రెండూ చూశాను. అందుకే క్లాసు తేదీ వేసుకునే ముందే, మీరు రిఫర్ చేసే చర్మ విభాగంతో మాట్లాడి ఇందుకు ఒప్పించండి. ఒప్పుకోకపోతే, ఒప్పుకునేదాకా క్లాసు వాయిదా వేయండి.